క్షయరోగమును తెలుపు కఫపరీక్ష

దగ్గు అనునది రోగము కాదు, రోగచిహ్నము. జలుబు చేసినవాడును దగ్గును, ఉబ్బసమువాడును దగ్గును, చుట్ట కాల్చువాడును దగ్గును, క్షయరోగియు దగ్గును. వైద్యుడెంత అనుభవశాలియైనను రొమ్మునకు స్టెతస్కోపు ఆనించి వినినంతమాత్రమున వీరిలో క్షయరోగి యెవడో నిశ్చయముగా చెప్పజాలడు. ఎక్స్‌రే పటమునందు ఊపిరితిత్తులపై మచ్చ కనబడినను, అది క్షయవలన కలిగినదో, న్యుమోనియావలన కలిగినదో, ఎన్నడో మానిన పాతరోగపు గురుతో ఆ పటము తనంతట తాను చెప్పదు. కావుననే రెండు వారములు దాటినను దగ్గు విడువనివారిని కఫపరీక్షకు పంపుదురు. ఆ పరీక్ష యెట్లు జరుగునో, దాని నెంతవరకు నమ్మవచ్చునో యీ వ్యాసమున వివరించెదను.

పూర్వము ఈ రోగము వంశపారంపర్యమని అనేకులు తలచిరి. ఒకే యింట తల్లికి వచ్చినది బిడ్డకును వచ్చుచుండగా అట్లు తలచుట వింత గాదు. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీని బెర్లిను నగరమున రాబర్ట్ కాక్ అను జర్మను వైద్యుడు దీనికి కారణము ఒక సూక్ష్మక్రిమియని పండితులయెదుట ఋజువు చేసెను. ఆ క్రిమి సన్నని కడ్డీవలె నుండును. దాని పొడవు మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందు ఒకటి మొదలు నాలుగు భాగములు మాత్రమే. అది కంటికి చిక్కకుండుటకు చిన్నతనమొక్కటే కారణము కాదు. దాని పైపొర మైనమువంటిది. సామాన్యమైన రంగులు దాని కంటవు. ఈ చిక్కునే ఉపాయముగా మార్చుకొన్న పద్ధతిని ఆ యేటనే పాల్ ఎర్లిఖ్ కనిపెట్టగా, తరువాత జీల్, నీల్సన్ అను నిరువురు దానిని చక్కబరచిరి.

ఆ పద్ధతి యిది. కఫములో చీమువలె నున్న భాగమును పుల్లతో తీసి గాజుపలకపై పలుచగా పూసి, ఆరబెట్టి, మంటపై వెచ్చచేసి పలకకు అంటుకొనజేయుదురు. దానిపై కార్బాల్ ఫుక్సిన్ అను ఎఱ్ఱరంగు పోసి, ఆవిరి లేచువరకు క్రిందనుండి కాచుదురు. ఆ వేడికి రంగు మైనపుపొరను దాటి లోనికి చొచ్చును. పిమ్మట గంధకామ్లముతో కడుగుదురు. తక్కినవన్నియు రంగును కోల్పోవును. క్షయక్రిమి మాత్రము పట్టిన రంగును విడువదు. తుదకు మెథిలీన్ బ్లూ అను నీలిరంగు వేసి, వేయిరెట్లు పెద్దదిగా చూపు సూక్ష్మదర్శినిలో చూడగా, నీలి మైదానమునందు ఎఱ్ఱని కడ్డీలు స్పష్టముగా కనబడును. మన పాఠశాలలో రంగు వేసిన ఉల్లిపొరను చూచిన విద్యార్థులు ఈ దృశ్యమును కొంతవరకు ఊహింపగలరు.

పరీక్షకుడెంత నేర్పరియైనను, ఇచ్చిన కఫము మంచిదికానియెడల ఫలము లేదు. పలువురు సిగ్గుపడి డబ్బాలో ఉమ్మి మాత్రమే వేసి యిచ్చెదరు. ఉమ్మి నోటిది, కఫము ఊపిరితిత్తులది. ఉదయమున లేవగానే నీటితో నోరు పుక్కిలించి, రెండు మూడు మారులు దీర్ఘముగా ఊపిరి పీల్చి, రొమ్ములోతునుండి దగ్గి తీసిన చిక్కని కఫమే తగినది. దీనిని పదిమంది నడుమగాక ఆరుబయట తీయవలెనని తలిదండ్రులు గమనింపవేడెదను.

క్రిమి కనబడలేదని వ్రాసిన కాగితమును చూచి రోగము లేదని నిశ్చయించుట తొందరపాటు. ఒక మిల్లీలీటరు కఫములో 5,000 మొదలు 10,000 వరకు క్రిములున్నగాని ఈ పద్ధతికి చిక్కవు. అంతకు తక్కువయున్నప్పుడు కఫమును కోడిగ్రుడ్ల సొనతో చేసిన ఆహారముపై ఉంచి, వెచ్చని పెట్టెలో క్రిములను పెంచుదురు. అయితే ఇతర క్రిములనేకములు గంటలోపల ఒకటి రెండగుచుండగా, దీనికి ఇంచుమించు ఒక దినము పట్టును. ఫలితమునకై వారములకొలది వేచియుండవలెను. 2010వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదించిన జన్యుపరీక్ష యీ కష్టమును చాలవరకు తీర్చినది. మన ఆసుపత్రులలో సీబీనాట్ అని పిలువబడు నీ పరీక్ష సుమారు రెండు గంటలలో క్రిమిజాడను పట్టుటయేగాక, రిఫాంపిసిన్ అను ముఖ్యౌషధమునకు ఆ క్రిమి లొంగునో లొంగదో కూడ తెలుపును. మెడలో గడ్డలుగా వచ్చు క్షయయందు కఫము అక్కరకు రాదు. సూదితో గడ్డనుండి కణములను తీసి పరీక్షింతురు.

రోగము నిర్ణయమైన తరువాత ప్రయోగశాలతో పని తీరలేదు. మదనపల్లెయొద్ద ఆరోగ్యవరమునందలి మిషను శానిటోరియము 1912లో స్థాపింపబడిన కాలమున క్షయక్రిమిని చంపు ఔషధమేదియు లేదు. విశ్రాంతి, శుభ్రవాయువు, పుష్టికరాహారము ఇవియే చికిత్స. ఔషధములు వచ్చిన పిదప, 1956లో మద్రాసున నెలకొల్పబడిన పరిశోధనకేంద్రమువారు కొందరు రోగులను శానిటోరియమునందును, కొందరిని వారి పేదయిండ్లయందును ఉంచి, అందరికిని ఒకేరీతి మందులిచ్చి, కఫమును మాటిమాటికి పరీక్షించుచు వచ్చిరి. మంచి తిండి, విశ్రాంతి గల శానిటోరియమువారే ఎక్కువ బరువెక్కిరి. త్రాసును నమ్మియున్నచో వారికే ఎక్కువ గుణము కలిగినదని అందురు. కాని ఏడాది గడచునప్పటికి కఫపరీక్షలో రెండు తెగల ఫలితములును ఇంచుమించు సమానముగనే యుండెను. ఇంటనుండి మందు పుచ్చుకొనుట సాధ్యమని లోకమునకు తెలియుటకు ఇదియొక ముఖ్యకారణము.

ఇప్పుడు సామాన్యమైన క్షయకు ఆరు నెలలు మందు పుచ్చుకొందురు. కొన్ని వారములకే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. నయమైనదని పలువురు మందు మానివేయుదురు. ఇది మిక్కిలి అపాయకరము. మిగిలిన క్రిములు తిరిగి పెరుగుటయేగాక, ఔషధమునకు లొంగనివి బలియవచ్చును. అందుచేత రెండవ నెల ముగియగానే కఫమును మరల పరీక్షింతురు. ఎఱ్ఱని కడ్డీలు ఇంకను కనబడినచో, అవి ఏ మందునకు లొంగకున్నవో కనుగొనుటకు తక్కిన పరీక్షలు చేయుదురు. కనబడనిచో, మందకొడిగా దాగియున్న క్రిములకొరకు తక్కిన నాలుగు నెలలును మందు సాగింపవలసినదే. చికిత్స ముగియునప్పుడు కఫమును మరల చూతురు. ఇందు ఒక విశేషము కలదు. రెండు గంటలలో ఫలితమిచ్చు జన్యుపరీక్ష చచ్చిన క్రిముల అవశేషములను కూడ పట్టును గనుక, చికిత్స ఎట్లు సాగుచున్నదో తెలిసికొనుటకు తగదు. ఆ పనికి గాజుపలకయు, ఎఱ్ఱరంగును, గ్రుడ్డుసొనయునే నేటికిని వాడుచున్నారు.