సీటు కింద టిక్కుమనేది

భద్రాచలం నుంచి కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ చేరే 30వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట ఊరు దాటితే దిక్కు మన బండి లైటే. వానాకాలంలో రోడ్డేదో గుంతేదో ఆనవాలు చిక్కదు. ఇంకా ఉత్తరానికి పోతే కేశ్‌కాల్ ఘాట్ మలుపులు. అందుకే చిత్రకోట జలపాతం చూడ్డానికి బయల్దేరే హిమాలయన్ బైకుల కుర్రాళ్లు ముందుగా కొనేది ఫాగ్ లైట్ల జత. బిగించుకోవడం ఇంట్లోనే. బ్యాటరీ నుంచి వైరు, మధ్యలో స్విచ్చి, అంతేగా అనుకుంటారు.

అక్కడే పొరపాటు. 40 వాట్ల లైట్లు రెండు పెడితే 12 వోల్టుల దగ్గర దాదాపు 7 ఆంపియర్లు పారాలి. హ్యాండిల్ మీది చిన్న స్విచ్చి దాన్ని మోయలేదు. లోపలి రేకులు వేడెక్కి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. సన్నవైరు గుండా అంత దూరం తిరిగొచ్చేసరికి వోల్టేజీ కూడా పడిపోతుంది. హాలోజన్ బల్బుకు 12లో ఒక్క వోల్టు తగ్గితే వెలుగులో సుమారు నాలుగో వంతు మాయం!

దీనికి మందు బైకుల కంటే ముందే పుట్టింది. 1835లో ప్రిన్స్‌టన్‌లో జోసెఫ్ హెన్రీ అనే ఆచార్యుడు, దూరం నుంచి వచ్చే బలహీనమైన కరెంటుతో చిన్న విద్యుదయస్కాంతాన్ని లేపి, దానితో పెద్ద కరెంటు దారిని అదుపు చేశాడు. అదే రిలే. 1844లో మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తంతి పంపినప్పుడు అక్కరకొచ్చింది ఈ సూత్రమే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో లక్షలకొద్దీ టకటకలాడి, తొలితరం కంప్యూటర్లలో కూడికలు చేసి, చివరికి కారు హారన్ దగ్గర స్థిరపడింది. తంతి పోయింది, రిలే పోలేదు.

ఇప్పుడది నల్లటి చిన్న డబ్బా. అడుగున నాలుగు కాళ్లు, పక్కన అంకెలు: 85, 86, 30, 87. స్విచ్చి నుంచి వచ్చే సన్నవైరు 86కి, ఎర్త్ 85కి. లోపలి కాయిల్ తాగేది ఆంపియర్‌లో అయిదో వంతు లోపే. బ్యాటరీ నుంచి లావు వైరు 30కి, లైట్లకు వెళ్లేది 87కి. స్విచ్చి నొక్కగానే కాయిల్ అయస్కాంతమై రేకును లాగుతుంది, టిక్కుమంటుంది, లైట్లు వెలుగుతాయి. అంకుశంతో ఏనుగును నడిపినట్టు.

స్విచ్చికి కరెంటు తాళంచెవి తిప్పితేనే వచ్చే వైరు నుంచి తీసుకోవాలి. 2016లో వచ్చిన తొలి హిమాలయన్ బ్యాటరీ 8 ఆంపియర్ అవర్లదే. దానికి కిక్ రాడ్ కూడా లేదు. స్విచ్చికి నేరుగా బ్యాటరీ నుంచే ఇస్తే, లైట్లు ఆర్పడం మరిచి టీ తాగి వచ్చేసరికి సెల్ఫు కొట్టదు, ఎర్ర బురదలో తోసి స్టార్ట్ చేయాలి. ఆల్టర్నేటర్ ఇచ్చేది సుమారు 220 వాట్లు, అదీ ఇంజిన్ జోరు మీదున్నప్పుడు. హెడ్‌లైటు, ఇగ్నిషన్ తినగా మిగిలిందే మనది. ఈ లెక్క వేయకుండా ఫోన్ ఛార్జరు, పెద్ద హారన్, ఇంకో జత లైట్లు తగిలించేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. ఫ్యూజు, ఆ లైట్లకు 10 ఆంపియర్లది, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. వైరు ఎక్కడ ఒరుసుకున్నా ముందు కాలేది ఫ్యూజే కావాలి కదా. రిలేను కాళ్లు కిందికి ఉండేలా బిగిస్తే వాననీరు నిలవదు. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, వైరు బిగుసుకోవట్లేదని చూశాకే టేపు చుట్టండి.

లైట్లను కాస్త కిందికి వంచి పెట్టండి. ఘాట్ రోడ్డులో ఎదురొచ్చే లారీ డ్రైవరుకు కళ్లు చెదిరితే ముందు ప్రమాదం మీకే.