చెరువు పక్కన షెడ్డు వేస్తున్నారా? ముందు అలుగు చూడండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఈ మధ్య చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "చెరువు పక్కన పట్టా భూమి ఉంది, ఆవుల కొట్టం, జీవామృతం షెడ్డు వేసుకోవచ్చా?" అని. పైన వీడియోలో చెరువు దగ్గరే నిలబడి చూపించాను. వీడియోలో చెప్పలేకపోయిన లెక్కలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. నాలుగేళ్ల కింద పల్లీ నూనె కోసం కట్టె గానుగ పెడదామని చెరువు వెనుక ఇరవై గుంటలు చూసుకున్నాను. పాస్‌బుక్ ఉంది, పట్టా సరిగానే ఉంది. ఎండాకాలం కాబట్టి నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. బయానా ఇచ్చేసి పునాది కూడా తవ్విస్తున్నాను. మా ఊరి నీరటి తాత అటు పోతూ ఆగి చూసిండు. "బిడ్డా, గీడ కట్టకు. అలుగు దుంకిన ఏడు నీళ్లు ఆ యాపచెట్టు దాకొస్తయ్" అన్నడు. యాపచెట్టు నా పునాదికి వెనకాల, ఇంకా ఎత్తు మీద ఉంది! డిప్లొమాలో సర్వే, లెవలింగ్ చదివినోణ్ణి నేను. ఆ మాట నాకు తట్టలేదు. బయానా, తవ్వకం కూలి పోయాయి. గానుగ మాత్రం మిగిలింది.

ఎఫ్‌టీఎల్ అంటే ఏంది?

చెరువు పూర్తిగా నిండి, అలుగు మీదుగా నీళ్లు పోవడానికి సిద్ధమైనప్పుడు ఉండే మట్టమే ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటి మట్టం. ఆ మట్టానికి నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో అదే చెరువు హద్దు. ఈరోజు నీళ్లు ఎక్కడున్నాయన్నది లెక్కలోకి రాదు. ఐదేళ్లు ఎండిపోయినా హద్దు జరగదు. ఆ హద్దు లోపలి భూమినే శికం అంటాం. శికంలో పట్టాలు కూడా ఉంటాయి. నీళ్లు తగ్గాక పంట వేసుకోవచ్చు కానీ కట్టడం కుదరదు, మట్టి పోసి ఎత్తు లేపడం కుదరదు. పాస్‌బుక్ భూమి ఎవరిదో చెప్తుంది, అక్కడ కట్టుకోవచ్చా లేదా అన్నది చెప్పదు. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

ఎంత దూరం వదలాలి?

2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నియమాల్లో, అంటే జీవో 168లో, ఈ దూరాలు ఉన్నాయి:

1. నది: మున్సిపాలిటీ బయట హద్దు నుంచి 100 మీటర్లు, మున్సిపాలిటీ లోపల 50 మీటర్లు.
2. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువు: ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు.
3. అంతకంటే చిన్న చెరువు, కుంట: 9 మీటర్లు.
4. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, కాలువ: 9 మీటర్లు.
5. 10 మీటర్ల లోపు వాగు, కాలువ: 2 మీటర్లు.

దీన్నే బఫర్ జోన్ అంటారు. బఫర్‌లో మీ పట్టా మీదే, పంట మీదే. ఇల్లు, షెడ్డు, గోదాం మాత్రం వేయొద్దు. ఈ నియమాలు మున్సిపాలిటీలకు, మాస్టర్ ప్లాన్‌లోకి వచ్చిన ఊళ్లకు నేరుగా వర్తిస్తాయి. మిగతా పల్లెల్లో కూడా ఇదే దూరం పాటిస్తే మీకే మంచిది, నీళ్లకు పంచాయతీ హద్దులు తెల్వవు కదా.

"హైడ్రా మన దగ్గర లేదు కదా అన్నా" అంటారు కొందరు. నిజమే, 2024లో వచ్చిన హైడ్రా హైదరాబాద్ చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు వరకే. కానీ నియమం హైడ్రాతో పుట్టింది కాదు. "తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ కట్టుకుంటే సరి" అనే మాట కూడా నమ్మకండి. 2020 ఎల్‌ఆర్‌ఎస్‌లోనే చెరువు హద్దుల్లోని ప్లాట్లను పక్కన పెట్టారు.

ఇంకో సంగతి. 2017 చిత్తడి నేలల నియమాలు మన చెరువులను కాపాడతాయని కొందరు అనుకుంటున్నారు. సాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులు, వరి మడులు ఆ నిర్వచనంలోకి రావు. మన చెరువుకు కాపలా ఈ ఎఫ్‌టీఎల్ గీతే.

మన జిల్లాల్లో నీళ్లు చెప్పిన పాఠం

2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, కృష్ణ పొంగి రాజోలి, అలంపూర్ మునిగాయి. రాజోలిలో నేతన్నల మగ్గాలు, ఇళ్లు పోయాయి. 2019 డిసెంబర్ 31న వనపర్తి జిల్లాలో సరళాసాగర్ కట్ట తెగింది. సంస్థానం కాలంలో మొదలై, సైఫన్ పద్ధతిలో కట్టిన పేరున్న ప్రాజెక్టు అది. వాన కూడా లేని పొద్దున కట్ట తెగి నీళ్లు కిందికి ఉరికాయి. ఎప్పుడూ ఎండి ఉండే వాగులో కూడా ఒక్క గంటలో నీళ్లు రావచ్చు. వాగు పక్కన వదిలే ఆ 9 మీటర్లు వృథా జాగ కాదు.

మనం సేంద్రియ రైతులం, మనకు ఇంకో లెక్క కూడా ఉంది. ఒక ఎకరం శికంలో మీటరు ఎత్తు మట్టి నింపితే దాదాపు 40 లక్షల లీటర్ల నీళ్లకు చోటు పోతుంది. చెరువు తొందరగా నిండుతుంది, అలుగు తొందరగా పారుతుంది, చివరి ఆయకట్టుకు నీళ్లు అందవు. చుట్టుపక్కల బోర్లు కూడా దిగుతాయి. కట్టినోళ్లు ఇల్లు మునుగుతుందని అలుగు కొట్టేస్తే ఇక చెరువే ఉండదు. మిషన్ కాకతీయలో మనం పొలాలకు తోలుకున్న ఒండ్రు ఆ శికంలోదే. నాటు ఆవులు మేసేది ఆ గట్ల మీదనే.

మీరు చేయాల్సిన పని

* అలుగు పారే రోజు చెరువు చుట్టూ తిరగండి. నీటి అంచున గూటాలు కొట్టి, తేదీ కనిపించేలా ఫొటో తీసుకోండి. పైసా ఖర్చు లేదు.
* చెరువు నిండని ఏడైతే అలుగు గోడ పైభాగం నుంచి మట్టం తీసుకోండి. దగ్గరి దూరానికి మేస్త్రీలు వాడే నీళ్ల పైపు చాలు. దూరమైతే ఆటో లెవల్ ఉన్న సర్వేయర్‌ను పిలవండి. ఇది మీ అవగాహనకే, అధికారిక హద్దు కాదు.
* అధికారిక హద్దు కోసం నీటిపారుదల శాఖ, రెవెన్యూ దగ్గర అడగండి. గ్రామ నక్షా, పాత పహాణీలో శికం అని ఉందేమో చూడండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి.
* ఎన్‌ఓసీ కాగితం చేతికొచ్చాకే బయానా ఇవ్వండి. నోటి మాట మీద ఇవ్వొద్దు.
* పేడ గుంత, జీవామృతం డ్రమ్ములు కూడా బఫర్ అవతలే పెట్టండి. వాన నీళ్లకు అవి కొట్టుకుపోతే ఊరందరి చెరువు పాడవుతుంది.

నా గానుగ ఇప్పుడు ఊరి దగ్గర ఎత్తు జాగలో తిరుగుతోంది. ఆ తర్వాత చెరువు అలుగు దుంకిన ఏడు పోయి చూశాను. నేను తవ్వించిన పునాది మోకాలు లోతు నీళ్లలో ఉంది. నీరటి తాతకు ఆ ఏడు ఒక డబ్బా పల్లీ నూనె పంపించాను.

మీ ఊళ్లో కూడా ఇట్లాంటి పెద్దమనిషి ఒకరు ఉంటారు. షెడ్డు కొలతలు వేసుకునే ముందు ఆయన్ను చెరువు దగ్గరికి తీసుకపోండి. ఆయన చూపించిన గుర్తును వీడియో తీసి పెట్టుకోండి, రేపు మీ పిల్లలకు కూడా పనికొస్తుంది.