పొద్దున్నే డీజిల్ బండి టకటకమంటోందా? నాజిళ్లు మార్చే ముందు ఇవి చూసుకోండి

మైపాడు, ముత్తుకూరు నుంచి కోట, వాకాడు దాకా నెల్లూరు తీరం వెంట మన కుటుంబాల్లో చాలామందికి డీజిల్ బండే రోజీ. ఒకరిది రొయ్యల లోడు మోసే వ్యాను, ఒకరిది కృష్ణపట్నం పోర్టుకు తిరిగే లారీ, ఇంకొకరిది చెరువు గట్టున జనరేటర్. ఫజర్ నమాజ్ అయ్యాక సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ సుత్తితో కొట్టినట్టు మోగితే గుండె గుభేలుమంటుంది. పక్కనున్నవాళ్లు చెప్పే మాట ఒక్కటే: "నాలుగు నాజిళ్లూ పోయినట్టున్నాయి భాయ్!" కామన్ రైల్ బండిలో నాలుగు ఇంజెక్టర్లు మార్చాలంటే చిన్న బండివాడికి కొన్ని నెలల సంపాదన పోతుంది. అందుకే ఆ మాట నమ్మేముందు కాస్త తెలుసుకుందాం.

చల్లని ఇంజన్ ఎందుకు మోగుతుంది?

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని బాగా నొక్కితే ఆ గాలి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ని చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. చిమ్మడానికీ అంటుకోవడానికీ మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉంటే ఆ ఆలస్యం పెరుగుతుంది. ఈలోగా పోగైన డీజిల్ ఒక్కసారిగా మండుతుంది. ఆ దెబ్బే మనకు వినిపించే టకటక. కామన్ రైల్ బండ్లలో అసలు డీజిల్‌కి ముందు రవ్వంత డీజిల్ చిమ్మి ఈ మోతను తగ్గిస్తారు.

పొగ లేకుండా, ఒకటి రెండు నిమిషాల్లో మోత తగ్గిపోతే భయం లేదు. అయితే మన తీరంలో జనవరిలో కూడా గడ్డకట్టే చలి ఉండదు. కాబట్టి మోత రోజురోజుకీ పెరుగుతుంటే "చలికి అంతేలే" అని వదిలేయొద్దు.

ఏ శబ్దం ఎక్కడిది?

• పైనుంచి రెండు మూడు సెకన్లు టిక్ టిక్ అని ఆగిపోతే: రాత్రి ఆయిల్ కిందికి దిగిపోయింది. ఆయిల్ లెవెల్, గ్రేడు, ఆయిల్ ఫిల్టర్ చూడండి.
• ముందువైపు గొలుసు లాగినట్టు గలగలమంటే: టైమింగ్ చైన్ వదులై ఉండొచ్చు. దీన్ని వాయిదా వేయొద్దు.
• కీచుమంటే: తేమకు జారుతున్న ఫ్యాన్ బెల్టు.
• చుఫ్ చుఫ్‌మంటూ, ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి నల్లటి మసి కనిపిస్తే: ఇంజెక్టర్ కిందున్న రాగి వాషర్ లీకు. ఇంజెక్టర్ మంచిదే కావచ్చు. వాషర్ ఖరీదు తక్కువే, కానీ ఆలస్యం చేస్తే కూర్చునే చోటు కూడా దెబ్బతింటుంది.
• ఒకే లెక్కలో గట్టిగా కొడుతూ, ఇంజన్ ఊగుతూ, పొగ వస్తే: అప్పుడు ఇంజెక్టర్ మీద అనుమానం పెట్టుకోవాలి.

ఇంజెక్టర్ మూడు రకాలుగా చెడుతుంది

మొదటిది, నాజిల్ సరిగ్గా మూసుకోక డీజిల్ ఎక్కువ పోవడం. నల్లపొగ, గట్టి మోత వస్తాయి. ఇంజన్ ఆయిల్ లెవెల్ పెరిగి డీజిల్ వాసన కొడితే బండి తోలొద్దు. ఆయిల్ పలచబడి బేరింగులు పోతాయి, పిస్టన్‌కి రంధ్రం పడే ప్రమాదమూ ఉంది. రెండోది, నాజిల్ మూసుకుపోవడం. ఇంజన్ మిస్ కొడుతుంది, పికప్ ఉండదు, డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తుంది. మూడోది, లోపలి అరుగుదల వల్ల డీజిల్ రిటర్న్ పైపులోకి ఎక్కువగా పోవడం. రైలులో ప్రెషర్ నిలవదు, సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా బండి అందుకోదు. పొద్దున బాగానే స్టార్టై, వేడిగా ఉన్నప్పుడు మొరాయిస్తే ముందు దీన్నే అనుమానించాలి. ఎందుకంటే వేడికి డీజిల్ పలచబడి లీకు పెరుగుతుంది.

ఈ వరసలో చూడమనండి

1. బ్యాటరీ. ఉప్పుగాలికి టెర్మినళ్లు, ఎర్త్ వైరు తుప్పు పడతాయి. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే పంపు ప్రెషర్ కట్టదు.
2. డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు. సగం ఖాళీ ట్యాంకులో తేమగాలి నీరుగా మారుతుంది. డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్‌లోనూ నీళ్లు చేరతాయి. కింది స్క్రూ విప్పి నీళ్లు వదలండి. 2021 నవంబరు పెన్నా వరదల్లాంటి సమయంలో మునిగిన బండికైతే ముందు ట్యాంకు చూడకుండా సెల్ఫ్ కొట్టొద్దు.
3. పైపుల్లో గాలి, హీటర్ ప్లగ్‌లు. ప్లగ్‌ని మీటర్‌తో చూస్తే సాధారణంగా రెండు ఓమ్‌ల లోపు చూపాలి. అసలేమీ చూపకపోతే అది కాలిపోయినట్టే.
4. స్కానర్. రైల్ ప్రెషర్, ఒక్కో సిలిండర్ కరెక్షన్ అంకెలు అడగండి. ఒకటి మిగతా వాటికంటే బాగా తేడాగా ఉంటే దాని మీదే దృష్టి.
5. సీసాల పరీక్ష. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపుకి ఒక్కో సీసా పెట్టి ఇంజన్ నడుపుతారు. మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండిన సీసా దోషిని చూపిస్తుంది.
6. చివరగా, అనుమానమున్న ఇంజెక్టర్‌ని విప్పి టెస్ట్ బెంచ్ మీద పెట్టించి, రిపోర్టు చేతికి తీసుకోండి. కొత్తది వేస్తే, దాని మీదుండే కోడ్‌ని చాలా బండ్లలో ఈసీఎంలోకి ఎక్కించాలి. అది మరిచిపోతే కొత్త ఇంజెక్టర్ కూడా మోగొచ్చు.

జాగ్రత్త: పాత మెకానికల్ పంపు ఇంజన్లలో పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయట్లేదో కనిపెట్టేవారు. కామన్ రైల్ బండిలో ఆ పని అస్సలు చేయొద్దు. అందులో ప్రెషర్ 1600 బార్, అంతకు మించి కూడా ఉంటుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూదిగుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి, లేకపోతే వేలు, చెయ్యి పోవచ్చు.

డీజిల్ కల్తీ

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకి తగ్గింది. పంపుకీ నాజిళ్లకీ జిడ్డు అందించేది డీజిలే. చవక అని కిరోసిన్ కలిపిన సరుకు పోస్తే ఆ జిడ్డు పోయి లోపలి భాగాలు అరిగిపోతాయి. లీటరుకి మిగిలింది ఇంజెక్టర్ దగ్గర వడ్డీతో సహా పోతుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు

రాత్రంతా ఆగి ఉన్న బండినే పొద్దున్నే స్టార్ట్ చేయించి చూడండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే, చల్లారాక మళ్లీ వస్తామని చెప్పండి. అమ్మేవాళ్లకీ ఒక మాట: తడిసిన ధాన్యాన్ని కుప్ప లోపల దాచిన వర్తకుణ్ణి మన ప్రవక్త (స) మందలించిన సంగతి తెలిసిందే. ఇంజన్ ముందే వేడిచేసి ఐబు దాచడం కూడా అలాంటిదే. లోపం చెప్పి అమ్మితే ధర కాస్త తగ్గొచ్చు, రోజీ మాత్రం హలాల్‌గా ఉంటుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఫోన్లో ఆ మోతను, పొగను వీడియో తీసుకోండి. ఎన్ని సెకన్లు వస్తోంది, చల్లగా ఉన్నప్పుడా వేడిగానా, ఎక్కడ డీజిల్ పోయించారు అన్నవి రాసిపెట్టుకోండి. మంచి మేస్త్రీకి సగం పని అక్కడే అయిపోతుంది. పరీక్ష చేయకుండానే "నాలుగూ మార్చాలి" అనేవాడి దగ్గర మాత్రం ఇంకో మేస్త్రీ మాట వినేదాకా డబ్బు కట్టకండి.