కణంలో కాపురం పెట్టే వైరస్‌లు

హెర్పిస్ కుటుంబపు వైరస్ ఒకసారి ఒంట్లోకి వచ్చిందంటే మనిషి బతికున్నంత కాలం పోదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిన మనిషికి అరవయ్యో ఏట నడుము చుట్టూ అక్కి లేచిందంటే, అది కొత్తగా బయటినుంచి అంటుకున్నది కాదు. ఆనాటి ఆటలమ్మ వైరసే అన్నేళ్లూ నరాల మొదళ్లలో ఉలుకూ పలుకూ లేకుండా ఉండి మళ్లీ లేచింది. జాజుతో అక్కి రాయించుకోవడం తెలుగు పల్లెల్లో పాత ఆనవాయితీ. కొద్ది వారాల్లో పొక్కులు వాటంతటవే మాడిపోతాయి గనుక తగ్గించిన పేరు జాజుకు దక్కింది. మనుషుల్లో స్థిరపడిన హెర్పిస్ వైరస్‌లు తొమ్మిది. వాటిలో రెండింటికి క్యాన్సర్‌తో సంబంధముంది. ఒకటి ఎప్‌స్టీన్-బార్ వైరస్, పొట్టిగా ఈబీవీ. రెండోది కపోసి సార్కోమా వైరస్, అంటే కేఎస్‌హెచ్‌వీ.

నెల్లూరు తీరంలో వైరస్ అనగానే రొయ్యల రైతుకు గుర్తొచ్చేది తెల్లమచ్చ. 1994-95లో తూర్పు తీరంలోని రొయ్యల గుంటలను ఊడ్చిపెట్టిన ఆ వైరస్, సోకిన 3 నుంచి 10 రోజుల్లో పంటనంతా చంపగలదు. అదే వైరస్ పీతల్లో మాత్రం చాలాసార్లు ప్రాణం తీయకుండా నిలవుంటుంది. ఈబీవీ మనిషితో ఉండే తీరు ఈ రెండోదానికి దగ్గర. ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా దీన్ని మోస్తున్నారు. ఆ సంగతి వాళ్లలో దాదాపు ఎవరికీ తెలియదు.

ఈబీవీ ముఖ్యంగా ఎంగిలి ద్వారా పాకుతుంది. పాశ్చాత్య దేశాల్లో చాలామందికి ఇది యుక్తవయసులో సోకి, జ్వరం, గొంతునొప్పి, మెడ దగ్గర బిళ్లలు, వారాల తరబడి నీరసం తెచ్చిపెడుతుంది. మన దేశంలో ఎక్కువమందికి పసితనంలోనే, మామూలు జ్వరంలాగానో అసలు ఏ లక్షణమూ లేకుండానో వచ్చి వెళుతుంది. వెళ్లేది జ్వరమే, వైరస్ కాదు.

గొంతులో దిగిన వైరస్ బి-కణాలనే తెల్ల రక్తకణాలను వెతుక్కుంటుంది. రోగక్రిములను ఎదిరించే యాంటీబాడీలను తయారుచేసే వంశం వాటిది. దాగడానికి వైరస్ ఎంచుకున్న చోటు పోలీస్ స్టేషన్ లోపలే అన్నమాట. ఈ కణాల పైపొర మీద ఉండే సీడీ21 అనే ప్రొటీన్‌ను పట్టుకుని అది లోపలికి దిగుతుంది. బి-కణం మామూలుగా పెరగాలంటే రెండు సంకేతాలు అందాలి: శత్రువు కనబడిందన్నది ఒకటి, తోటి టి-కణం ఒప్పుకుందన్నది రెండోది. ఈ రెండింటినీ వైరస్ తన సొంత ప్రొటీన్లతో నకలు చేస్తుంది. ఎల్‌ఎంపీ-2ఏ మొదటిదాన్ని, ఎల్‌ఎంపీ-1 రెండోదాన్ని అనుకరిస్తాయి. కణం మోసపోయి విభజన మొదలుపెడుతుంది.

అయితే ఈ దశలో వైరస్ ప్రొటీన్లు ఎక్కువ కనబడతాయి గనుక టి-కణాలు వాటిని పసిగట్టి, సోకిన కణాలను పెద్దఎత్తున చంపేస్తాయి. మిగిలిన కొన్ని మాత్రం జ్ఞాపక కణాలుగా మారతాయి. పాత రోగాలను ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకోవడం కోసం శరీరం దాచుకునే కణాలివి. ఇక్కడికి చేరాక వైరస్ తన జన్యువులను దాదాపు అన్నిటినీ ఆపేస్తుంది. ప్రొటీన్ ఏదీ బయటపడకపోతే టి-కణానికి ఆనవాలు దొరకదు. ఆరోగ్యవంతుడి రక్తంలో పది లక్షల బి-కణాలకు 1 నుంచి 50 దాకా మాత్రమే ఈబీవీని మోస్తుంటాయి. అంత తక్కువే, కానీ ఆ కొన్ని అలాగే ఉండిపోతాయి.

ఇంత మౌనంగా ఉన్నదానికి కణంతోపాటు తరాలు గడవడం ఎలా సాధ్యం? హెచ్‌ఐవీ తన జన్యువులను మన క్రోమోజోముల్లోనే అతికించేస్తుంది. హెర్పిస్ వైరస్‌లు సాధారణంగా ఆ పని చేయవు. వైరస్ రేణువులో ఈబీవీ డీఎన్‌ఏ నిడుపాటి దారంలా, సుమారు 1,72,000 అక్షరాల పొడవున ఉంటుంది. కణకేంద్రకం చేరగానే రెండు కొసలూ కలిసి ఉంగరమవుతుంది. విడిగా తేలే ఉంగరానికి ఒక ప్రమాదముంది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములు చెరోవైపుకు లాగబడతాయి గానీ, విడి డీఎన్‌ఏ ఎటూ చేరక వెనకబడి నశించిపోవచ్చు. దీనికి విరుగుడు ఈబీఎన్‌ఏ-1 అనే ప్రొటీన్. దాని ఒక కొస వైరస్ ఉంగరంలోని నిర్ణీత చోటును పట్టుకుంటుంది, రెండో భాగం మన క్రోమోజోమును. మరపడవ వెనక తాడుతో కట్టిన తెప్ప సొంతంగా తెడ్డు వేయకుండానే రేవు చేరినట్టు, వైరస్ ఉంగరం పిల్ల కణాల్లోకి చేరుతుంది. ఉంగరానికి నకలు తీసే పనీ కణానిదే. కణం తన డీఎన్‌ఏను రెట్టింపు చేసుకునే ప్రతిసారీ, అవే యంత్రాలతో, ఒక్కసారి మాత్రమే ఆ నకలు తయారవుతుంది. సొంత ఖర్చు ఏమీ లేదు.

విభజన చెందే కణంలో ఈబీఎన్‌ఏ-1 లేకపోతే కాపురం సాగదు, ఉంటే టి-కణాలు చూస్తాయి. ఈ చిక్కుకు వైరస్ దగ్గరున్న జవాబు చాలా నేర్పైనది. ఆ ప్రొటీన్‌లో గ్లైసిన్, అలనిన్ అనే రెండు అమైనో ఆమ్లాలే పదేపదే వచ్చే పొడవాటి భాగం ఒకటుంది. దానివల్ల ప్రొటీన్ మెల్లగా తయారవుతుంది, ముక్కలై టి-కణాల కంటబడటమూ తగ్గుతుంది.

కేఎస్‌హెచ్‌వీ పద్ధతీ ఇదే. ఈబీఎన్‌ఏ-1 పనిని అక్కడ లానా అనే ప్రొటీన్ చేస్తుంది. ఈ వైరస్‌ను 1994లో న్యూయార్క్‌లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు కనిపెట్టారు. మనిషి జన్యువులను పోలిన జన్యువులు ఇందులో అనేకం: కణవిభజనను నడిపేది ఒకటి, కణం చావును అడ్డుకునేది ఒకటి. ఎయిడ్స్ రోగుల్లో చర్మం మీద ఊదా మచ్చలుగా కనబడే కపోసి సార్కోమాకు మూలం ఇది. ఆంధ్రప్రదేశ్ ఏళ్ల తరబడి హెచ్‌ఐవీ ఎక్కువున్న రాష్ట్రాల్లో ఒకటి. అయినా మన దేశంలో ఈ క్యాన్సర్ అరుదు, ఎందుకంటే కేఎస్‌హెచ్‌వీయే ఇక్కడ జనంలో తక్కువ. రోగనిరోధక శక్తి పడిపోయినంత మాత్రాన లేని వైరస్ పుట్టుకురాదు.

నిద్రాణంగా ఉన్న ఈబీవీ అప్పుడప్పుడూ లేస్తుంది. జ్ఞాపక కణం యాంటీబాడీలు చేసే కణంగా మారుతున్నప్పుడు జెడ్‌టీఏ అనే ప్రొటీన్ మీట నొక్కుతుంది. వైరస్ వేల నకళ్లుగా పెరిగి, కణాన్ని పగలగొట్టుకుని బయటపడి, ఎంగిలిలోకి చేరుతుంది. కొత్త మనిషిని చేరే దారి ఇదే గనుక, మోసే మనిషి బతికి తిరగడమే వైరస్‌కు లాభం. క్యాన్సర్ దానికి లాభం కాదు, కాపురం చెడినప్పుడు జరిగే ప్రమాదం.

ఆ ప్రమాదం మొదట బయటపడింది ఆఫ్రికాలో. ఉగాండాలో పిల్లల దవడల్లో వేగంగా పెరిగే గడ్డల గురించి సర్జన్ డెనిస్ బర్కిట్ 1961లో లండన్‌లో మాట్లాడితే, ఆంథొనీ ఎప్‌స్టీన్ విని ఆ గడ్డల ముక్కలు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఆ ముక్కలు తెస్తున్న ఒక విమానం పొగమంచు వల్ల మాంచెస్టర్‌కు మళ్లింది. ఆలస్యంగా అందిన సీసాలో నీళ్లు మసకగా ఉంటే పాడైపోయిందనుకున్నారు. తీరా చూస్తే ఆ మసక విడివిడిగా తేలుతున్న బతికిన క్యాన్సర్ కణాలది. అలా పెంచిన కణాల్లోనే 1964లో ఎప్‌స్టీన్, బర్ట్ అచాంగ్, ఇవాన్ బార్ ఈ వైరస్‌ను చూశారు. బర్కిట్ లింఫోమా అని పేరుపడిన ఆ గడ్డల్లో మిక్ అనే జన్యువు తన చోటునుంచి తెగి యాంటీబాడీ జన్యువుల పక్కకు చేరుతుంది, అక్కడ ఆగకుండా పనిచేస్తుంది. పదేపదే వచ్చే మలేరియా బి-కణాలను రెచ్చగొట్టి ఈ తప్పుకు అవకాశాలు పెంచుతుంది. గడ్డలోని కణాలు చాలావరకు ఈబీఎన్‌ఏ-1 తప్ప వేరే వైరస్ ప్రొటీన్ చూపవు.

ఆ పిల్లల్లో కొందరికి గడ్డలు కరిగించిన మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లే ప్రయోగశాలలోంచి వచ్చిన మందు అది. సుబ్బారావు 1948లోనే పోయారు, బర్కిట్ దాన్ని వాడింది 1960ల మొదట్లో.

హాడ్జ్‌కిన్ లింఫోమాలో కొన్ని, మన దేశంలో నాగాలాండ్‌లో ఎక్కువగా కనబడే ముక్కు వెనక గొంతు క్యాన్సర్, కడుపు క్యాన్సర్లలో పదింట సుమారు ఒకటి కూడా ఈబీవీ ఖాతాలోవే. మొత్తమ్మీద ప్రపంచంలో ఏటా 2 లక్షలకు పైగా క్యాన్సర్లు దీనితో ముడిపడి ఉన్నాయి. మోస్తున్న జనాభాతో పోలిస్తే ఇది అతి కొద్ది. అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో టి-కణాల కాపలా సడలి, సోకిన బి-కణాలు లింఫోమాగా పెరగవచ్చు. ఆ మందుల మోతాదు తగ్గిస్తే కొందరిలో గడ్డ దానంతటదే కరుగుతుంది.

ఎసైక్లోవిర్ వంటి మందులు వైరస్ తన డీఎన్‌ఏను తానే నకలు తీసుకునేటప్పుడు మాత్రమే పనిచేస్తాయి. మౌనంగా ఉన్న ఉంగరానికి నకలు తీసేది కణమే గనుక వాటికి అక్కడ పనిలేదు. అందుకే పరిశోధకులు రెండు దారులు పట్టారు. నిద్రలో ఉన్న వైరస్‌ను కావాలని లేపి, లేచాక మందుతో కొట్టడం ఒకటి. ఈబీఎన్‌ఏ-1 డీఎన్‌ఏను పట్టుకునే చోటును మూసి ఆ తాడునే విప్పేయడం రెండోది. ఈ రెండో రకం మందు మనుషుల్లో తొలి దశ పరీక్షలకు చేరింది. ఈబీవీకి వాడుకలో ఉన్న టీకా ఇంకా లేదు. వచ్చినా, అమెరికాలో పదేళ్ల వయసులో వేస్తే సరిపోవచ్చు గానీ, కావలి నుంచి పులికాట్ దాకా ఉన్న ఊళ్లలో వైరస్ పసితనంలోనే సోకుతుంది గనుక చంటిబిడ్డలకే వేయాల్సి ఉంటుంది.