అరుగు మీది పరిశోధన

పరిశోధన యనగానే తాళపత్రములు, శాసనములు, దూరనగరములలోని గ్రంథాలయములు స్ఫురించుట పరిపాటి. బుగ్గారము వంటి పల్లెలో చదువుకొను విద్యార్థికి తన యూరిలో అన్వేషింపదగినది ఏమున్నదని సంశయము కలుగుట సహజమే. ఆ సంశయమునకు తెలుగులోనే సమాధానము కలదు.

దున్నెడి పనిముట్టును తెలంగాణ రైతు నాగలి అనును. రాయలసీమ రైతు మడక అనును. ఇది పలువురెరిగిన సంగతియే. కాని ఏ మాట ఎంతవరకు సాగును, ఎచ్చట ఆగును అని ప్రశ్నించినవాడు పరిశోధకుడగును. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి ఆ ప్రశ్ననే చేపట్టి, రైతుల నోట వ్యవసాయపదములను సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటమును వెలువరించిరి. ఆ పదముల వ్యాప్తిని బట్టి తెలుగునాట నాలుగు మాండలిక మండలములు తేటపడెను. 1971లో వెలువడిన రెండవ సంపుటము చేనేత పదములది. అంతకుముందే బిరుదురాజు రామరాజు జానపద గేయములపై పరిశోధించి, 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమందిరి.

లోకజ్ఞానము ప్రశ్నను పుట్టించును. దానిని పరీక్షించునది శాస్త్రము. ఒక్కరి మాట చాలదు. పది యూళ్లలో అడిగి, చెప్పినవారి వయస్సు, వృత్తి, గ్రామము వ్రాసికొని, పోల్చి చూడవలెను.

నేడు పొలమున ట్రాక్టరు, సిరిసిల్లలో మరమగ్గము నెలకొన్నవి. మేడి, కాడి వంటి మాటలు, చేతిమగ్గపు భాగముల పేర్లు పెద్దలతోనే వెడలిపోవుచున్నవి. గ్రంథాలయములోని పుస్తకము రేపటికిని నిలుచును. తాత నోటి మాట నిలువదు. కావున విద్యార్థి మొదట తెరువవలసిన గ్రంథము తన యింటి యరుగు మీదనే కలదు.