పరుగు ఆగకుండా చూసేది తోటివాళ్లే

తెల్లవారకముందే హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూనో, విశాఖ బీచ్ రోడ్డు మీదో పరుగెత్తేవాళ్లని కారణం అడిగితే బరువు, షుగరు, బీపీ అంటారు. మొదలుపెట్టడానికి ఆ భయం చాలు. కానీ రిపోర్టులు బాగానే వచ్చాక భయం సన్నగిల్లుతుంది, అలారం ఆపేసి మళ్లీ ముసుగుతన్నడం తేలికవుతుంది. ఏళ్ల తరబడి పరుగు మాననివాళ్లని నిలబెట్టేది ఆరోగ్య భయం కన్నా తోటి మనుషులేనని చెప్పడానికి గట్టి ఆధారమే ఉంది. సినాన్ ఆరల్, క్రిస్టోస్ నికొలాయిడిస్ అనే పరిశోధకులు దాదాపు 11 లక్షల మంది పరుగుల లెక్కలను అయిదేళ్ల పాటు పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. స్నేహితులు ఒక కిలోమీటరు ఎక్కువ పరుగెత్తిన రోజున మనిషి సగటున మరో 300 మీటర్లు ఎక్కువ పరుగెత్తాడు. పరుగంటే ఇష్టమున్నవాళ్లే ఒకచోట చేరతారు, ఇందులో వింతేముంది అనొచ్చు. ఆ అనుమానం ఆ పరిశోధకులకీ వచ్చింది. అందుకే వానను సాక్ష్యంగా పిలిచారు. స్నేహితుడి ఊళ్లో వాన పడి అతను ఇంట్లో ఉండిపోతే, ఎండ కాసే ఊళ్లో ఉన్న ఇతని పరుగూ తగ్గింది. అలవాట్లు కలవడం వల్లే అనడానికి ఇక వీల్లేదు. మగవాళ్ల మీద ఆడా మగా ఇద్దరి ప్రభావమూ కనిపించింది, ఆడవాళ్ల మీద మాత్రం ఆడవాళ్లదే. మహిళలు రావడం లేదని వాపోయే రన్నింగ్ గ్రూపులు గమనించాల్సిన సంగతిది.

ఒంటరిగా పరుగెత్తేవాళ్ల మాటేమిటి? వాళ్లకి ఎండార్ఫిన్ల మత్తే చాలంటారు. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా నిలబడటం లేదు. 2021లో వెలువడిన ఒక జర్మన్ ప్రయోగంలో ఎండార్ఫిన్ల ప్రభావాన్ని అడ్డుకునే మందు ఇచ్చినా పరుగు తర్వాతి హుషారు తగ్గలేదు. హుషారు నిజమే, కానీ ఆయాసంతో డొక్క పట్టేసే మూడో వారంలో దాని మీద ఆశ పెట్టుకోలేం. పైగా ఒంటరి మనిషి చేతికి వాచీ ఉంటుంది, అందులోని అంకె కూడా నలుగురి కోసమే. దాదాపు కోటి మారథాన్ ఫలితాలను పరిశీలిస్తే, నాలుగు గంటలు దాటీదాటగానే ముగింపు గీత చేరినవాళ్ల కన్నా కాస్త ముందే చేరినవాళ్లు బాగా ఎక్కువని తేలింది. ఆ అంకెతో గుండెకీ కాళ్లకీ పనిలేదు, నలుగురికి చెప్పుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

తోటివాళ్లతో ఇలా పోల్చుకోవడమే మోకాలు నొప్పిగా ఉన్నా పరుగెత్తిస్తుందన్న అభ్యంతరాన్ని మాత్రం కాదనలేం. దానికి మందు గుంపుని వదలడం కన్నా, గుంపు తీరు మార్చడం. ఉదాహరణకు, 2004లో లండన్ బుషీ పార్కులో 13 మందితో మొదలైన పార్క్‌రన్ అనే సామూహిక పరుగులో అయిదు కిలోమీటర్లకు రుసుము లేదు. అందరి వెనక నడవడానికి ఒక స్వచ్ఛంద కార్యకర్తను పెడతారు కాబట్టి పాల్గొన్నవాళ్లలో ఎవరూ ఆఖరివాళ్లు కారు.