పూర్వజ్ఞానము - పాఠశాలా గ్రంథపాలకుడు

చదువ నేర్చిన బాలుడు చదివినదానిని ఏల గ్రహింపలేకున్నాడు? విషయపరిచయము లేకుండుటయే తరచుగా దీనికి కారణము. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అను పరిశోధకులు ఒక బేస్‌బాల్ పోటీ వర్ణనమును 64 మంది విద్యార్థులచే చదివించిరి. పఠనశక్తి కొరవడినను ఆట నెరిగినవారు, ఆట నెరుగని మంచి పాఠకులకంటె ఎక్కువగా గ్రహించిరి.

ఇట్టి పూర్వజ్ఞానమును సమకూర్చుట గ్రంథపాలకుని ధర్మము. మూసాపేటలోని యొక పాఠశాలలో 1908 నాటి మూసీ వరదను గూర్చిన పాఠము రానున్నదనుకొందము. వారము ముందుగనే నగరపటమును, నదులను గూర్చిన చిన్న పుస్తకములను, వరద పిమ్మట నిర్మింపబడిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయముల చిత్రములను అతడు బల్లపై నుంచవలెను. వానిని బాలురచే చూపించి, చదివించి, మాటలాడింపవలెను. అప్పుడు పాఠములోని ‘జలాశయము’ వట్టి పదముగా మిగులదు. వరదనీటిని నిలుపు కట్ట వారి మనస్సున మెదలును.

ఈ దృష్టి మనకు క్రొత్త కాదు. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్రను, శాస్త్రములను తెలుగువారికి తెలుగుననే అందించినది. అయితే గ్రంథము బీరువాలో నున్నంత మాత్రమున జ్ఞానము కలుగదు. ఇంట పుస్తకము లేని బాలునకు పాఠమునకు ముందే దానిని అందించునది గ్రంథపాలకుని చేయియే.